పాత ఎడమచేతి బేస్ గిటార్ల చరిత్రను దేన్ని చూసి నమ్మాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

పాత వాద్యాలకు వేలంపాటల్లో పలికే ధరల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. ధర ఎంతో శీర్షికలోనే ఉంటుంది గానీ, అది ఫలానా వాద్యమేనని ఎవరు, దేన్ని చూసి తేల్చారన్నది చాలా వార్తల్లో కనిపించదు. నేను ఎడమచేతి వాటం వాణ్ణి. సికింద్రాబాద్‌లోని ఒక చర్చి బృందంలో బేస్ గిటార్ నేర్చుకుని, ఆ తరువాత ఎడమచేతి వాటానికే తయారైన పాత బేస్‌లను వెతికి సేకరిస్తూ వచ్చాను. ఈ వెతుకులాటలో ధర కంటే రుజువే ముఖ్యమని నాకు అర్థమైంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకు కొన్న, హోఫ్నర్ అనే జర్మన్ సంస్థ తయారుచేసిన 500/1 బేస్ సంగతే చూడండి. వయొలిన్ ఆకారంలో రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి, ఎడమచేతి వాటంతో పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించదని ఆయన దాన్ని ఎంచుకున్నారు. బీటిల్స్ తొలి రికార్డులలో వినిపించేది ఆ బేసే. 1963లో మరో హోఫ్నర్ చేతికి వచ్చాక మొదటిదాన్ని బాగుచేయించి, ముదురు రంగు వేయించి, దాని రెండు పికప్‌లను (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఒకే నల్లటి చెక్క చట్రంలో బిగించారు. 1969 జనవరిలో బీటిల్స్ సాధనను చిత్రీకరించినప్పుడు కూడా అది ఆయన దగ్గరే ఉంది. ఆ తరువాత కనిపించకుండా పోయింది.

ఆ ఏడాదే ఎక్కడో పోయి ఉంటుందని అభిమానులు దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. అది నిజం కాదు. హోఫ్నర్ సంస్థతో పనిచేసిన నిక్ వాస్, పాత్రికేయులు స్కాట్ జోన్స్, నయోమీ జోన్స్ కలిసి గాలింపు మొదలుపెట్టి, 2023 సెప్టెంబరులో ప్రజలను సమాచారం అడిగినప్పుడు, మెకార్ట్నీ తరువాతి బృందమైన వింగ్స్‌తో అప్పట్లో పనిచేసిన సౌండ్ ఇంజనీరు ఒకరు అసలు సంగతి చెప్పారు: 1972 అక్టోబరులో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో, వ్యానులోంచి ఆ బేస్‌ను దొంగిలించారు. ఆ ఆధారాన్ని పట్టుకుని వెళితే ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని హేస్టింగ్స్‌లో, ఒక ఇంటి అటక మీద అది దొరికింది. హోఫ్నర్ సంస్థ పరిశీలించి అదేనని ధ్రువీకరించింది. 2024 ఫిబ్రవరిలో ఈ విషయం లోకానికి తెలిసింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ నల్లటి చెక్క చట్రం. కర్మాగారం నుంచి వచ్చిన రూపమే విలువైనదని సేకర్తలు సాధారణంగా అనుకుంటారు. కానీ ఆ బేస్ అటక మీదికి చేరకముందే ఎవరైనా ఆ చట్రాన్ని పీకేసి, పాత పద్ధతిలో పికప్‌లు బిగించి, లేత రంగు వేసి ఉంటే, అది 1961 నాటి మామూలు హోఫ్నర్‌గా మిగిలిపోయే ప్రమాదం ఉండేది. పాత ఫోటోలలో కనిపించే ఆ మార్పులే దానికి గుర్తింపు కార్డులయ్యాయి. అందుకే పాత వాద్యాన్ని 'కొత్తదానిలా చేయిస్తాం' అనే మాట వింటే నాకు భయం వేస్తుంది.

ఎడమచేతి బేస్‌ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ప్రపంచంలో పది మందిలో ఒకరు ఎడమచేతి వాటం వారని లెక్క. వారిలోనూ చాలామంది కుడిచేతి వాద్యం మీదే సాధన చేస్తారు. మన ఇళ్లలోనైతే పుర్రచెయ్యి అని పిల్లల చేతిని మార్పించే అలవాటు నిన్నమొన్నటి వరకూ ఉంది. గిరాకీ తక్కువ కాబట్టి తయారీ తక్కువ, తయారీ తక్కువ కాబట్టి ఇప్పుడు ధర ఎక్కువ. ఆ ధర కోసమే కుడిచేతి బేస్‌ను మార్చి ఎడమచేతిదిగా అమ్మేవారున్నారు. హోఫ్నర్ ఆకారం రెండు వైపులా ఒకటే కావడం ఇక్కడ మోసానికి అనుకూలం. అయితే గుండీలు, స్విచ్చులు ఉండే దీర్ఘచతురస్రపు పలక కింద పై చెక్కను కోసి ఉంటారు. వాద్యాన్ని తిరగేసి మార్చితే ఆ రంధ్రం తప్పు వైపున మిగులుతుంది. దాన్ని పూడ్చిన అతుకు, వైరు గుచ్చే రంధ్రం పూడ్చిన మచ్చ, లోపల చిన్న అద్దం పెట్టి చూస్తే దొరుకుతాయి.

అమెరికాకు చెందిన ఫెండర్ సంస్థ బేస్‌ల సంగతి వేరు. నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కాడ) వెనుక లోహపు పలక మీద ఉండే సీరియల్ నంబరును చూసి చాలామంది తృప్తి పడతారు. ఆ పలకను పట్టి ఉంచేవి నాలుగు స్క్రూలు మాత్రమే. పది నిమిషాల్లో మరో గిటార్‌కు మార్చవచ్చు. పైగా ఆ నంబర్లు తయారీ వరుసలో సాగలేదు. నెక్ ఊడదీస్తే దాని మడమ మీద, అంటే గిటార్ ఒంటికి బిగించే చివర మీద, తేదీ ఉండవచ్చు, అయినా అది నెక్ తయారైన తేదీయే గానీ గిటార్‌ది కాదు. గుండీల కింద ఉండి ధ్వనిని పెంచే, తగ్గించే పొటెన్షియోమీటర్ల మీద ముద్రించిన అంకెలు మరింత ఉపయోగపడతాయి. 137తో మొదలైతే సీటీఎస్ సంస్థ, 304తో మొదలైతే స్టాక్‌పోల్ సంస్థ తయారీ. తరువాతి అంకెలు సంవత్సరాన్ని, వారాన్ని చెబుతాయి. ఈ అంకెలు చెప్పేది ఒక్కటే, వాద్యం అంతకు ముందు తయారై ఉండదని. భాగాలను టోకుగా కొని నిల్వ ఉంచుకునేవారు కాబట్టి ఎన్నాళ్ల తరువాత బిగించారన్నది వాటితో తేలదు. ఆ భాగం మధ్యలో మారలేదని నమ్మాలంటే టంకం అతుకులు ఎవరూ కదపనివై ఉండాలి.

కొన్నేళ్ల క్రితం ఒక విదేశీ వ్యాపారి దగ్గర 1963 నాటిదని ధ్రువపత్రంతో సహా ఒక ఎడమచేతి ఫెండర్ ప్రెసిషన్ బేస్ కొన్నాను. నెక్ మీద తేదీ సరిగ్గానే ఉంది. లోపలి పొటెన్షియోమీటర్ల మీద 137, ఆ పక్కన 66 (అంటే 1966) ఉన్నాయి, టంకం కొత్తగా మెరుస్తోంది. భాగాలు మార్చడం నేరమేమీ కాదు. మార్చామని చెప్పి ఉంటే ఆ మేరకు ధర తగ్గించి ఆనందంగా కొనేవాణ్ణి. అన్నీ అసలువేనని రాసిన ఆ పత్రాన్ని ఫోటోలు మాత్రమే చూసి ఇచ్చారని తరువాత తెలిసింది. డబ్బు తిరిగి రాలేదు.

చెక్క కూడా సాక్ష్యమే. ఫెండర్ తొలి 1960లలో నెక్ పై పలకకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడింది, ఆ దశాబ్దంలోనే క్రమంగా మన దక్షిణ భారత అడవుల ఇరుగుడు చెక్కకు మారింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి, అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలోని అత్యంత కఠినమైన జాబితాలో ఉంది కాబట్టి, అలాంటి బేస్‌ను సరిహద్దు దాటించాలంటే చెక్క ఆ నాటికి ముందుదని చూపే పత్రాలు కావాలి.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి వార్త ప్రచురించేటప్పుడు, పరిశీలించింది ఎవరు, వాద్యాన్ని విప్పి చూశారా, యాజమాన్యపు వరుసలో ఎక్కడైనా ఖాళీ ఉందా అన్న వివరాలకు రెండు పంక్తులు కేటాయించండి. పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా, చర్చిలోనైనా పాత ఎడమచేతి బేస్ ఉంటే, పాలిష్‌కు ఇచ్చే ముందు నెక్ మడమను, లోపలి వైర్లను, టంకాన్ని పగటి వెలుతురులో ఫోటో తీసి, అది ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని గిటార్ పెట్టెలోనే ఉంచండి.

భవదీయుడు,
ఒక బేస్ వాద్యకారుడు,
సికింద్రాబాద్