సైన్యంపై సగం మాటలు, ఎన్నికల ప్రచారాలు

సంపాదకులు గారికి,

ఒక నాయకుడు సైనిక సేవ గురించి ఎప్పుడో అన్న మాటను ముక్కగా కోసి ఎన్నికల ప్రచారంలో పెడితే, ఆ ముక్కకు ముందూ వెనుకా ఏముందో పాఠకులకు చెప్పవలసిన బాధ్యత పత్రికలదేనని నా అభిప్రాయం. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఇందుకు స్పష్టమైన ఉదాహరణలున్నాయి. అక్కడ ఓటు హక్కున్న తెలుగువారు, ఇక్కడి వారి బంధువులు ఆ వార్తలను మన పత్రికల్లో శ్రద్ధగా చదువుతారు కనుక రాస్తున్నాను.

2004లో డెమొక్రాటిక్ అభ్యర్థి జాన్ కెర్రీ వియత్నాం యుద్ధంలో పతకాలు పొందిన నౌకాదళ అధికారి. తిరిగివచ్చాక యుద్ధాన్ని వ్యతిరేకించి, 1971 ఏప్రిల్ 22న సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ముందు మాట్లాడారు. అంతకు కొద్ది నెలల ముందు డెట్రాయిట్‌లో సమావేశమైన మాజీ సైనికులు తాము అత్యాచారాలు చేశామని, చెవులు కోశామని, తలలు నరికామని బయటపెట్టిన సంగతులను ఆయన కమిటీకి వినిపించారు. వాళ్లు ఇలా చెప్పారన్న ముక్క కూడా ఆ వాక్యంలోనే ఉంది. 2004 ఆగస్టులో కెర్రీని వ్యతిరేకించే మాజీ సైనికుల బృందం స్విఫ్ట్ బోట్ వెటరన్స్ ఫర్ ట్రూత్ ప్రసారం చేసిన టీవీ ప్రకటనలో మాత్రం ఆ ముక్క లేదు. దాంతో ఇతరుల ఒప్పుకోలును కమిటీకి చేరవేసిన మనిషి, తోటి సైనికులందరిపైనా తానే నేరం మోపినవాడిగా ప్రేక్షకులకు కనిపించాడు. వియత్నాంలో యుద్ధఖైదీలుగా మగ్గినవారు కూడా ఆ ప్రకటనలో మాట్లాడారు. వారి ఆవేదనను నేను ఏమాత్రం తక్కువ చేయను. అంతటి ఆవేదనకు పూర్తి మాటను జోడించి ఉంటే అది న్యాయమైన విమర్శ అయ్యేది.

అడగవలసిన ప్రశ్న ఉండనే ఉంది. ఆ నేరాలు ఒకటీ అరా ఘటనలు కావని, అన్ని స్థాయిల అధికారులకూ తెలిసే ప్రతిరోజూ జరిగాయని కూడా కెర్రీ అదే వాంగ్మూలంలో అన్నారు. అందులో సాక్షులు చెప్పింది ఎంత, ఆయన సొంత నిర్ధారణ ఎంత, అంత పెద్ద మాటకు ఆ సాక్ష్యాలు సరిపోతాయా అని గట్టిగా నిలదీయవచ్చు. కత్తిరించిన వాక్యం చుట్టూ రేగిన గొడవలో ఈ ప్రశ్న మరుగున పడింది. అభ్యర్థికి జరిగే అన్యాయం కన్నా ఓటరుకు జరిగే ఈ నష్టమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

1992 అధ్యక్ష ఎన్నికల్లో బిల్ క్లింటన్ విషయంలోనూ ఇదే జరిగింది. 1969 డిసెంబరు 3న ఆయన అర్కన్సా విశ్వవిద్యాలయంలోని సైనిక శిక్షణ విభాగాధిపతి కల్నల్ హోమ్స్‌కు లేఖ రాశారు. ఎంతోమంది మంచివాళ్లు దేశాన్ని ప్రేమిస్తూనే సైన్యాన్ని అసహ్యించుకునే స్థితికి ఎలా వచ్చారో తన కథ విని అర్థం చేసుకోవాలని అందులో కోరారు. ఇది ప్రచారంలో "సైన్యమంటే నాకు అసహ్యం" అని ఆయనే అన్నట్టుగా మారిపోయింది. ఆ మంచివాళ్లలో తననూ కలుపుకున్నాడనే అనుకుందాం. అప్పటికీ దేశాన్ని ప్రేమిస్తూనే అన్న భాగాన్ని తీసేసే హక్కు ఎవరికీ లేదు. తనను నిర్బంధ సైనిక సేవ నుంచి కాపాడినందుకు కల్నల్‌కు కృతజ్ఞతలు చెప్పినదీ ఈ లేఖలోనే. శిక్షణలో చేరతానని మాట ఇచ్చి చేరకపోవడంతో కలిపి చూస్తే, ఓటర్లు ఆరా తీయవలసిన సంగతి ఇది.

అయితే 1992 ఫిబ్రవరి 12న, న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికకు ఆరు రోజుల ముందు, ఏబీసీ టీవీ నైట్‌లైన్ కార్యక్రమంలో ఆ లేఖను మొత్తం చదివి వినిపించారు. విన్నవారికి తమంతట తాము ఒక అభిప్రాయానికి వచ్చే వీలు కలిగింది. మన పత్రికలు కూడా, ఇక్కడి ఎన్నికలైనా అక్కడివైనా, అభ్యర్థి పాత మాటను అచ్చువేసేటప్పుడు అది ఏ ఏడాది, ఎవరి ముందు, ఎవరి మాటగా అన్నదో అదే వార్తలో ఇవ్వాలని, లేఖ గానీ వాంగ్మూలం గానీ దొరికితే ఆ పూర్తి వాక్యాన్ని పక్కనే బాక్సు కట్టి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ