కంపైల్ ఎప్పుడవుతుంది?

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. గేమ్ రాయాలంటే ప్రోగ్రామింగ్ భాషల్లో సీ ప్లస్ ప్లస్ తప్పదా, సీ షార్ప్ సరిపోతుందా, రస్ట్ వైపు పోవాలా అని మూడు పేజీలు నింపావు. ఆ ప్రశ్నకి జవాబు చివర్లో చెప్తాను. ముందు ఇంకోటి చూడు: నువ్వు రాసిన కోడ్ కంపైల్ అయ్యేది, అంటే ప్రాసెసర్‌కి అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా మారేది ఎప్పుడు? నీ దగ్గర బిల్డ్ చేసేటప్పుడా, ఆట నడుస్తుండగానా, ఆడేవాడి కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ చేతిలోనా? ఇది తెలిస్తే ఆట ఎక్కడ తడబడుతుందో సగం ముందే తెలిసిపోతుంది.

లెక్క సులువే. తెరమీద సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు రావాలంటే ఒక్కో ఫ్రేముకి 16.67 మిల్లీసెకన్లు. 120 అయితే 8.33. ఇన్‌పుట్, ఫిజిక్స్, శత్రువుల ఆలోచన, యానిమేషన్, జీపీయూకి (బొమ్మ గీసే చిప్‌కి) పంపే ఆదేశాలు, అన్నీ ఆ లోపలే అయిపోవాలి. వెబ్ పేజీ 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే ఎవరూ పట్టించుకోరు. గేములో అంత ఆలస్యమంటే రెండు ఫ్రేములు పోయినట్టే, కంట్రోలర్ పట్టుకున్నవాడి వేళ్లకి వెంటనే తెలిసిపోతుంది. అందుకే సగటు వేగం చూసి సంతోషపడకు. అన్నిటికంటే పొడుగైన ఫ్రేమ్ ఏదో వెతుకు.

ఈ పీడ ఇవాళ్టిది కాదు. నింటెండో వాళ్ల పాత గేమ్ పెట్టె ఎన్ఈఎస్‌లో ప్రాసెసర్ 1.79 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 కిలోబైట్లు. అక్కడ మెషిన్ కోడ్‌కి బాగా దగ్గరైన అసెంబ్లీ భాషే దిక్కు. 1993లో డూమ్ అనే షూటింగ్ ఆటని సీ భాషలో రాసి, వాట్‌కామ్ కంపైలర్‌తో డాస్‌కి తయారుచేశారు. గోడలూ నేలా గీయడానికి పదే పదే నడిచే లోపలి లూపులు మాత్రం అసెంబ్లీలోనే ఉంచారు. 1996లో క్వేక్ వచ్చేసరికి ఇంజన్ (ఆటని నడిపే మూల ప్రోగ్రామ్) సీలో, ఆట నియమాలు క్వేక్‌సీ అనే చిన్న భాషలో. ఆ చిన్న భాష బైట్‌కోడ్‌గా, అంటే మధ్యస్థ ఆదేశాలుగా మారి ఇంజన్ లోపల నడిచేది. బరువు పనికి ఒక భాష, తరచూ మార్చుకునే నియమాలకి ఇంకో భాష అనే ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు. క్రిస్ సాయర్ 1999లో రోలర్ కోస్టర్ టైకూన్‌ని దాదాపు మొత్తం అసెంబ్లీలోనే రాశాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది, కానీ ఆ దారి నువ్వు పట్టొద్దు.

ఇక సీ ప్లస్ ప్లస్. పెద్ద ఇంజన్లు దాన్ని వదలకపోవడానికి ముఖ్య కారణం, మెమరీలో ఏది ఎక్కడ కూర్చోవాలో నువ్వే నిర్ణయించగలగడం. తెరమీద 10,000 తూటాలు ఎగురుతున్నాయనుకో. ఒక్కో తూటాకి ఒక స్ట్రక్ట్, అంటే దాని వివరాలన్నీ కట్టిన మూట: స్థానం 12 బైట్లు, వేగం 12 బైట్లు, మిగతాది రంగు, టెక్స్‌చర్, పేల్చినవాడి వివరం, శబ్దం, మొత్తం 128 బైట్లు. ప్రతి ఫ్రేములో స్థానానికి వేగం కలపాలి, అంతే. కావలసింది 24 బైట్లే. కానీ ప్రాసెసర్ మెమరీ నుంచి తెచ్చుకునేది 64 బైట్ల ముక్కల (క్యాష్ లైన్ల) లెక్కన. అంటే 240 కిలోబైట్ల పనికి కనీసం 640 కిలోబైట్లు మోయాలి. అదే ఎక్స్ విలువలన్నీ ఒక వరసలో, వై విలువలన్నీ ఇంకో వరసలో, వేగాలు వేరే వరసల్లో పెట్టావనుకో, తెచ్చిన ప్రతి బైటూ పనికొస్తుంది. పైగా కంపైలర్ ఆ లూపుని వెక్టరైజ్ చేసి, అంటే చాలా విలువల్ని ఒకేసారి లెక్కించేలా మార్చి, ఏవీఎక్స్2 ఆదేశాలు ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క ఆదేశంతో 8 ఫ్లోట్లు (దశాంశ సంఖ్యలు) కలిపేస్తుంది.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తింటావు. స్థానాల పాయింటరూ (మెమరీ చిరునామా) వేగాల పాయింటరూ ఒకే మెమరీని చూపిస్తున్నాయేమోనని కంపైలర్‌కి అనుమానం వస్తే, లూపు ముందు తనిఖీ పెడుతుంది, లేదా వెక్టరైజ్ చేయడమే మానేస్తుంది. రెండూ వేరువేరని రిస్ట్రిక్ట్ మాటతో చెప్పాలి. రెండోది, కంపైలర్‌కి ఓ2 అనే వేగం పెంచే సెట్టింగ్ పెట్టాం కదా అన్న ధీమా. క్లాంగ్ అనే కంపైలర్ ఓ2లో వెక్టరైజ్ చేస్తుంది. జీసీసీ అనే ఇంకో కంపైలర్ మాత్రం 12వ వెర్షన్ నుంచే ఓ2లో మొదలుపెట్టింది, అదీ భయం భయంగా. గట్టిగా చేయాలంటే ఓ3 కావాలి. కాబట్టి కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ తెరిచి ఆ లూపు నిజంగా వెక్టరైజ్ అయిందో లేదో కళ్లారా చూడు.

డీబగ్‌లో (తప్పులు వెతకడానికి చేసే బిల్డ్) బాగా నడిచి రిలీజ్‌లో (ఆడేవాళ్లకి పంపే బిల్డ్) చచ్చే ఆట గురించి కూడా చెప్పాలి. తొలి విలువ ఇవ్వకుండా ఫంక్షన్ లోపల ఒక స్ట్రక్ట్ పెట్టావు, అందులో శత్రువు బతికున్నాడా అనే బూలియన్ (నిజం-అబద్ధం విలువ) ఉంది. విజువల్ స్టూడియో మామూలు డీబగ్ బిల్డ్‌లో స్టాక్ (ఫంక్షన్ తన విలువలు ఉంచుకునే మెమరీ) మీద ఆ ఖాళీ చోటంతా హెక్సాలో సీసీ అనే విలువతో నింపి ఉంచుతుంది. అది సున్నా కాదు కాబట్టి నిజం అనే లెక్క. శత్రువు ఎప్పుడూ బతికే ఉంటాడు, నీకు ఏ అనుమానమూ రాదు. రిలీజ్‌లో ఆ నింపుడు ఉండదు, అక్కడ అంతకుముందున్న చెత్తే ఉంటుంది. శత్రువు ఒకసారి కనిపిస్తాడు, ఒకసారి మాయమవుతాడు. డిక్లేర్ చేసినచోటే విలువ ఇవ్వడం దీనికి మందు. వెతకాల్సి వస్తే క్లాంగ్‌లో మెమరీ శానిటైజర్ అనే తనిఖీ పనిముట్టు వాడు. అడ్రస్ శానిటైజర్ ఈ రకం తప్పుని పట్టదు, చాలామంది అక్కడే పొరబడతారు.

డీబగ్ బిల్డ్‌లో వేగం కొలవకు. వెక్టర్ అనే జాబితాలో ఒక మూలకం తీసుకోవడం కూడా అక్కడ ఒక ఫంక్షన్ కాల్, పైన హద్దుల తనిఖీ. ఓ2 పెట్టు, డీబగ్ సింబల్స్ (కోడ్‌లోని పేర్ల వివరాలు) ఉంచు, అది కొలుచుకో. తప్పు వెతకాల్సిన ఒక్క ఫైలులో మాత్రం ప్రాగ్మా అనే కంపైలర్ సూచనతో ఆప్టిమైజేషన్ ఆపేస్తే, మిగతా ఆట వేగంగానే నడుస్తుంది.

సీ షార్ప్ సంగతి వేరు. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో మెమరీని చెత్త ఊడ్చేవాడు, అదే గార్బేజ్ కలెక్టర్, చూసుకుంటాడు. వాడు చీపురు పట్టుకున్నప్పుడు ఆట ఆగుతుంది. 2019 వెర్షన్లలో ఆ పనిని ముక్కలుగా చేసే పద్ధతి వచ్చింది, నొప్పి తగ్గింది, పోలేదు. ఎక్కువగా కనిపించే తప్పు ఏంటంటే, అప్‌డేట్ ఫంక్షన్‌లో ప్రతి ఫ్రేమూ "స్కోరు" అనే మాటకి అంకె అతికించి తెరమీద పెట్టడం. సెకనుకి కనీసం 60 కొత్త స్ట్రింగులు (అక్షరాల వరసలు), స్కోరు మారకపోయినా సరే. స్కోరు మారినప్పుడే రాయి. తూటాల్ని కొత్తగా పుట్టించి చంపకుండా, ఒక పూల్‌లో పెట్టి మళ్లీ మళ్లీ వాడు. ఏ పని ఎంత తింటోందో చూపే ప్రొఫైలర్‌లో జీసీ అలాక్ (కొత్తగా తీసుకున్న మెమరీ) అనే నిలువు వరస ఆట మధ్యలో సున్నా చూపించేదాకా వదలకు.

ఐఫోన్‌కి వెళ్తే ఇంకో చిక్కు. ఆట నడుస్తుండగా మెషిన్ కోడ్ పుట్టించే జిట్ పద్ధతిని అక్కడ గేములకి ఒప్పుకోరు. అందుకని యూనిటీలో ఐఎల్2సీపీపీ అనే పనిముట్టు నీ సీ షార్ప్ కోడ్‌ని సీ ప్లస్ ప్లస్‌గా మార్చి, ముందే కంపైల్ చేయిస్తుంది. ఆ దారిలో ఎవరూ పిలవని కోడ్‌ని కోసి పారేస్తుంది కూడా. నువ్వేదైనా క్లాసుని రిఫ్లెక్షన్‌తో, అంటే పేరుతో వెతికి పిలిచేటట్టయితే, అది ఎవరికీ అక్కర్లేదనుకుని తీసేస్తుంది. ఎడిటర్‌లో అంతా బాగుంటుంది, ఫోనులో మెథడ్ దొరకలేదని కూలుతుంది. లింక్ డాట్ ఎక్స్ఎంఎల్ ఫైలులో ఆ క్లాసు పేరు రాసి కాపాడుకో. ఫోనులో బిల్డ్ చేసి చూడటం చివరి వారానికి మాత్రం వాయిదా వేయకు.

లువా అనే స్క్రిప్టు భాష గురించి రెండు ముక్కలు. బ్రెజిల్‌లో 1993లో పుట్టింది, చిన్నది, సీ ప్రోగ్రామ్‌లో తేలిగ్గా ఇముడుతుంది. ఆట ఆపకుండా నియమం మార్చి చూసుకోవచ్చు. ప్రతి ఫ్రేములో వేల వస్తువుల మీద లూపు తిప్పడానికి మాత్రం వాడకు. సంభాషణలు, మిషన్లు, బటన్ నొక్కితే ఏం జరగాలి, ఇలాంటి వాటికి బంగారం.

చాలామంది మరిచిపోయే కంపైలర్ షేడర్లది, అంటే జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రాములది. హెచ్ఎల్ఎస్ఎల్ అనే భాషలో రాసిన షేడర్ నీ దగ్గర మధ్యస్థ రూపంలోకి మారుతుంది, వల్కన్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థకైతే ఆ రూపం పేరు స్పిర్-వి. ఆ తర్వాత అసలు మెషిన్ కోడ్‌గా మార్చేది ఆడేవాడి డ్రైవర్. కన్సోల్‌లో జీపీయూ ఒకటే రకం కాబట్టి అంతా ముందే చేసి పంపొచ్చు. పీసీలో అది కుదరదు. మొదటి పేలుడు దగ్గర ఆట గుక్క పట్టినట్టు ఆగి, రెండో పేలుడు సాఫీగా వెళ్లిపోయిందంటే కారణం దాదాపు ఇదే. ఆ కంపైల్‌కి 100 మిల్లీసెకన్లు పడితే 6 ఫ్రేములు గల్లంతు. లోడింగ్ తెర దగ్గరే షేడర్లు కూర్చిన పైప్‌లైన్లన్నీ తయారుచేయించి, ఆ ఫలితాల్ని క్యాష్‌గా డిస్కులో దాచు. డ్రైవర్ అప్‌డేట్ అయితే ఆ క్యాష్ చెల్లదు, మళ్లీ కట్టుకోవడానికి ఏర్పాటు పెట్టుకో.

ఇద్దరు ఆడే స్ట్రాటజీ ఆట కూడా ఆలోచిస్తున్నావన్నావు కదా. ఇన్‌పుట్లు మాత్రమే పంపి, రెండు వైపులా అదే లెక్క నడిపే పద్ధతైతే ఫ్లోట్లతో జాగ్రత్త. గుణకారం, కూడిక కలిపి ఒకే ఆదేశంగా చేస్తే రౌండింగ్ ఒక్కసారే అవుతుంది, విడిగా చేస్తే రెండుసార్లు. ఆఖరి బిట్టు తేడా చాలు, కాసేపటికి ఇద్దరి యుద్ధాలూ వేరైపోతాయి. కంపైలర్ సెట్టింగుల్లో ఫాస్ట్ మ్యాథ్ జోలికి పోకు, ఇలా కలిపేసే ఎఫ్‌పీ కాంట్రాక్ట్ ఆపేయ్. ఇంకా నమ్మకం కావాలంటే 16 బిట్లు పూర్ణాంకానికి, 16 బిట్లు భిన్నానికి పెట్టి ఫిక్స్‌డ్ పాయింట్‌లో లెక్కలు కట్టు. డూమ్ చేసింది అదే. అందుకే ఆడిన ఆటని దాచే దాని డెమో ఫైళ్లలో మీటలు ఏవి నొక్కారో ఉంటే చాలేది.

సరే, నీ ప్రశ్న. ఒక్కడివే టూడీ ఆట చేస్తున్నావు కాబట్టి సీ షార్ప్‌తో యూనిటీ గానీ, జీడీస్క్రిప్ట్ భాషతో గోడో ఇంజన్ గానీ తీసుకో. ఇంజన్ లోపల పని చేయాలనుంటే సీ ప్లస్ ప్లస్ ఇవాళే మొదలుపెట్టు. రస్ట్ నాకిష్టం, అందులో రాసిన బెవీ ఇంజన్ ముచ్చటగా ఉంది, కానీ ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే గేమ్ వస్తువుల్ని రస్ట్‌లో మెమరీ వాడకం తనిఖీ చేసే బారో చెకర్ ఒప్పుకోదు, ఆలోచించే తీరే మార్చుకోవాలి. మొదటి ఆటకి అది అదనపు బరువు.

ఈలోగా ఇప్పుడున్న ఆటని రిలీజ్‌లో, సింబల్స్‌తో బిల్డ్ చేసి 5 నిమిషాలు ఆడు. ప్రొఫైలర్‌లో అన్నిటికంటే పొడుగు ఫ్రేమ్ తెరిచి, అందులో ఎక్కువ సమయం తిన్న మూడు ఫంక్షన్ల పేర్లు నాకు రాసి పంపు. అక్కణ్నుంచి చూద్దాం.

నీ
రమణ