ఉద్దానంలో మరణ కారణం గడి ఖాళీగా ఉంది: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఏళ్లుగా కిడ్నీ జబ్బుతో జనం పోతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఒక పల్లెలో నేను ఉంటాను. ప్రాథమిక పాఠశాలలో పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లో ఎవరు పోయినా, కర్మకాండ అయిన మర్నాడు వాళ్ల కొడుకో కోడలో మా గుమ్మం ఎక్కుతారు. చేతిలో ఆధార్, రేషన్ కార్డుల జిరాక్సులు ఉంటాయి. "మాస్టారూ, ఆ మరణం కాగితం కాస్త నింపి పెట్టండి" అంటారు. 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. గడువు దాటితే రుసుములు, తిరుగుళ్లు. ధ్రువపత్రం లేకపోతే భార్యకు పింఛను రాదు, బ్యాంకులో డబ్బు కదలదు, పాసుపుస్తకంలో పేరు మారదు. అందుకని ఏడుస్తున్న ఇంటి తరఫున ఆ కాగితం నేను నింపుతాను.

పోయిన సంక్రాంతి నుంచి ఈ సంక్రాంతి దాకా ఏడు కాగితాలు నింపాను. వాళ్లలో ఒకరు తొంభై దాటి నిండు జీవితం గడిపిన పెద్దాయన. ఒకరు రోడ్డు ప్రమాదంలో పోయిన కుర్రవాడు. ఆ ఇద్దరికీ కారణం రాయడానికి నాకేమీ ఇబ్బంది కలగలేదు. మిగిలిన అయిదుగురూ కిడ్నీలు చెడిపోయి పోయినవాళ్లు. ఊరంతటికీ ఆ సంగతి తెలుసు. వాళ్ల ఇళ్లలో సంచుల నిండా రిపోర్టులున్నాయి. అయినా ఆ అయిదు కాగితాల్లో ఒక్కదానిలోనూ ఆ మాట నిలవలేదు. వాళ్లు ఇంటి దగ్గరే కన్నుమూశారు కాబట్టి కారణం ధ్రువీకరించే డాక్టరు కాగితం లేదు. నేను రాసి పంపితే, కార్యాలయంలో "డాక్టరు సంతకం ఉందా? లేకపోతే సాధారణ మరణం అని రాయండి" అన్నారు. అలాగే రాశాను. రాసినందుకు ఈ రోజుకీ బాధపడుతున్నాను.

మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే. నేను సాధారణ మరణం అని రాసిన ఆ అయిదుగురూ ఎవరో ముందు మీకు చెప్పాలి.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉండేది. నలభై ఏళ్లకు పైగా జీడిపిక్కలు కొట్టింది. పలాస జీడిపప్పు అంటే దేశమంతా తెల్లగా, దోరగా ఉండే పప్పే గుర్తొస్తుంది. పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడి రసం ఎలా ఉంటుందో మా ఊరి ఆడవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా చర్మం కాలి, పొరలు ఊడి, మళ్లీ నల్లబడుతుంది. పెద్దమ్మ వేళ్ల మీద గీతలు పూర్తిగా అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడేది కాదు. ఒక వేలు కాదని ఇంకో వేలు, తుడుచుకుని మళ్లీ మొదటి వేలు. వరసలో వెనకున్నవాళ్లు విసుక్కోకుండా నిలబడేవాళ్లు, ఎందుకంటే వాళ్లలో సగంమందివీ అవే చేతులు.

ఆమె కాగితం నింపుతున్నప్పుడే ఆ ఫారాన్ని మొదటిసారి శ్రద్ధగా చదివాను. గణాంకాల భాగంలో వృత్తి ఏమిటి అని ఒక గడి ఉంటుంది. పొగతాగే అలవాటుంటే ఎన్నేళ్లుగా, పొగాకు నమిలితే ఎన్నేళ్లుగా, మద్యం తాగితే ఎన్నేళ్లుగా అని ఇంకొన్ని గడులుంటాయి. పెద్దమ్మ మా ప్రాంతపు ముసలమ్మలందరిలాగే అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని. కొడుకు లెక్కపెట్టి యాభై ఏళ్లు అన్నాడు. రాశాను. వృత్తి దగ్గరికి వచ్చేసరికి అతనే "అమ్మకు ఉద్యోగం ఏముంది మాస్టారూ, ఏమీ లేదని రాయండి" అన్నాడు. ఆ ఇల్లు ఆమె కొట్టిన పిక్కల మీద నిలబడింది. అతని చదువూ దాని మీదే సాగింది. తల్లిని తక్కువ చేయాలని అతను ఆ మాట అనలేదు. ఆడవాళ్లు చేసే కూలి పనిని ఏ కాగితమూ ఎన్నడూ వృత్తి అనలేదు కాబట్టి అతనికి తోచలేదంతే. నేను కాసేపు కలం పక్కన పెట్టి, మళ్లీ తీసుకుని, జీడిపిక్కల పరిశ్రమలో కూలీ అని రాశాను. దాన్నయినా ఎవరూ కొట్టేయలేదనే నమ్మకంతో ఉన్నాను.

ఇంకొకాయన కొబ్బరి దింపేవాడు. నాకు వరసకు మామయ్య అవుతాడు. కాళ్లకు బందం వేసుకుని చెట్టెక్కితే కిందనుంచి చూసేవాళ్లకు భయం వేసేది, ఆయనకు వేసేది కాదు. ఏ చెట్టు ఎన్ని కాయలిస్తుందో, ఏది గాలికి ఎటు ఒరుగుతుందో కంఠస్థం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పల్లిసారథి దగ్గర తీరం దాటింది. తెల్లారాక చూస్తే తోటలు నేలమీద పడుకుని ఉన్నాయి. ఆ రోజంతా మామయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. పడిపోయిన ఒక్కొక్క మాను దగ్గరా ఆగి, మొదలు మీద చెయ్యి వేసి, ముందుకు నడిచాడు. మాకు ఇంట్లో పెద్ద దిక్కు పోయినట్టయింది. ఆ తరువాత రెండేళ్లకు ఆయన కాళ్లు వాచాయి. అన్నం సయించేది కాదు. పరీక్ష చేయిస్తే అప్పటికే కిడ్నీలు చాలావరకు పోయాయన్నారు.

డయాలసిస్ మొదలైంది. కోడి కూయకముందే లేచి ఆటో ఎక్కడం, మంచం మీద నాలుగు గంటలు, తిరిగి వచ్చాక ఆ రోజంతా పడక. సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా వేశారు. అక్కడ రక్తనాళం తాడులా ఉబ్బి, వేలు ఆనిస్తే లోపల జుమ్మని అదిరేది. మనవరాలు చెవి పెట్టి వినేది. ఆయనకు అన్నింటికంటే కష్టమైంది సూది కాదు, పథ్యం. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందని కొబ్బరి నీళ్లు వద్దన్నారు. పనస తొన వద్దు, జీడిపప్పు వద్దు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. ఆ తోటల్లో పుట్టి, అందులోనే పనిచేసిన మనిషికి ఆ తోటలో కాసిందేదీ నోట పెట్టుకునే వీలు లేకుండా పోయింది. చివరి వారంలో ఇక డయాలసిస్‌కు రానన్నాడు. ఇంటిల్లిపాదీ బతిమాలారు. ఆయన బొండం అడిగాడు. కొడుకు చెక్కి ఇచ్చాడు. ఆ బొండం ఇచ్చినందుకు తండ్రి పోయాడేమోనని ఆ కుర్రవాడు ఇప్పటికీ కుమిలిపోతున్నాడు. ఏ డాక్టరైనా ఆ ఇంటికి వచ్చి, జరిగింది విని, కారణం ఇదీ అని రాసి ఉంటే ఆ బరువు కొంతైనా దిగేది. మరణ కారణం అన్నది గణాంకాలకు మాత్రమే కావాలని మేము అనుకోవడం లేదు.

మూడో మనిషికి ముప్ఫై ఆరేళ్లు. నా దగ్గరే అక్షరాలు దిద్దాడు. గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేసి వచ్చాడు, రెండోసారి వెళ్లడానికి వైద్య పరీక్ష చేయించుకుంటే అందులో కిడ్నీ జబ్బు బయటపడింది. అప్పటిదాకా ఒంట్లో ఏ నొప్పీ లేదు. ఈ జబ్బు వచ్చే తీరే అంత. ఊళ్లో ఉన్న ఆ కొద్ది కాలంలో మా బడి గేటు విరిగితే ఇనుము మాత్రం కొనిపించుకుని, కూలి తీసుకోకుండా కొత్తది చేసి ఇచ్చాడు. పిల్లలు ఎక్కి ఊగుతారని కిందవైపు అదనంగా ఒక కమ్మీ అతికించాడు. పిల్లలు రోజూ ఊగుతూనే ఉన్నారు, గేటు చెక్కుచెదరలేదు. అతని చెల్లెలికి వచ్చిన సంబంధం, ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నాడని తెలిసి వెనక్కి పోయింది. చెల్లెలి పెళ్లి ఆగిపోయిందన్న దిగులుతోనే పోయాడని వాళ్లమ్మ అంటుంది.

మిగతా ఇద్దరిలో ఒకాయన తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం చేసే బృందానికి గురువు. గుండెల మీద రేకు గుళ్లు కట్టుకుని ఆయన గంతు వేస్తే రాత్రి తెల్లవారేది. ఆ పాటలు వేరే ఎవరికీ పూర్తిగా రావు. ఇంకొకామె బడిలో మధ్యాహ్న భోజనం వండేది.

మంత్రి గారూ, ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. డయాలసిస్ కేంద్రాలు దగ్గరికి వచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవన్నీ ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి, వచ్చినందుకు సంతోషమే. కానీ జబ్బు ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదు. మధుమేహం, రక్తపోటు లేనివాళ్లకూ వస్తోంది. నీరా, వేడిలో చాకిరీయా, పురుగుమందులా, నేలలోని లోహాలా, లేక వీటన్నిటి కలయికా? శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా కష్టం చేసుకునేవాళ్లే పోతున్నారు.

మా దగ్గర రక్తం, మూత్రం, నీరు, మట్టి ఎన్నోసార్లు తీసుకెళ్లారు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. అవన్నీ బతికున్నవాళ్ల లెక్కలు. శిబిరం పెట్టిన రోజుకి పోయినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. ఎవరు ఏ వయసులో పోయారు, ఎన్నేళ్లు ఏ పని చేశారు, ఏ బావి నీళ్లు తాగారు, ఏ ఏడాది వలస వెళ్లారు, తిరిగి ఎప్పుడు వచ్చారు అన్నది వాళ్ల ఇంటివాళ్లకు మాత్రమే తెలుసు. ఆ ఇంటివాళ్లూ ఒక్కొక్కరే పోతున్నారు. జవాబులో సగం శ్మశానానికి చేరింది, మిగతా సగం ముసలివాళ్ల జ్ఞాపకంలో ఉంది.

అందుకని అడుగుతున్నాను. ఉద్దానం మండలాల్లో ఇంటి దగ్గర ఎవరు పోయినా, నెల తిరక్కముందే ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) కానీ శిక్షణ పొందిన మరొకరు కానీ ఆ ఇంటికి వెళ్లి, చివరి రోజులు ఎలా గడిచాయో అడిగి రాసుకోవాలి. సంచిలోని రిపోర్టులు చూడాలి. ఆ రాతను డాక్టర్లు చదివి కారణం తేల్చాలి. ఇది కొత్త సంగతి కాదు. జనన మరణాలు లెక్కించే నమూనా రిజిస్ట్రేషన్ వ్యవస్థ కింద ఎంపిక చేసిన ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పద్ధతిలో మరణ కారణాలు సేకరిస్తున్నారు. మాకు నమూనా చాలదు, ప్రతి చావూ కావాలి. చివరి జబ్బులో చూసిన వైద్యుడు కారణం రాసి ఇవ్వాలని జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. కానీ మా పల్లెల్లో చివరిగా చెయ్యి పట్టి చూసేది సంతకానికి అర్హత లేని ఆర్ఎంపీ. పట్నం ఆసుపత్రి నుంచి "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని పంపేటప్పుడే, జబ్బు పేరు స్పష్టంగా రాసిన ఒక కాగితం చేతిలో పెడితే మాలాంటివాళ్ల పని ఎంతో తేలికవుతుంది.

దానితోపాటు ఆ మనిషి బతుకు కూడా ఒక పేజీ రాయించండి. ఏ పని, ఎన్నేళ్లు, ఎండలోనా నీడలోనా, ఏ నీళ్లు. పరిశోధన కేంద్రానికి అది పనికొస్తుంది. మాకు కూడా పనికొస్తుంది. ఎవరైనా పోతే మా ఊరి మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడతారు. పెద్దమ్మకు వేరే ఫొటో లేక ఆధార్ ఫొటోనే పెద్దది చేసి వేశారు. మూడు నెలల ఎండకు ముఖం తెల్లబడిపోయింది, తరువాత ఎవరో కోళ్ల గూటి మీద కప్పుకున్నారు. ఆమె నలభై ఏళ్ల పని గురించి ఊళ్లో రాతపూర్వకంగా ఉన్నది నేను ఆ గడిలో రాసిన మూడు మాటలే.

పాత చావుల సంగతి కూడా ఉంది. గడిచిన ఇరవై, ముప్ఫై ఏళ్ల రిజిస్టర్లు తీసి ఇంటింటికీ వెళ్లి అడిగితే చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మా ఊరికి వస్తే నేనే వెంట ఉండి ఇల్లిల్లూ తిప్పుతాను. నాకు ఇప్పుడు డెబ్భై దాటాయి, ఆ పని త్వరగా మొదలైతే బాగుంటుంది.

నిన్న సాయంత్రం ఎనిమిదో కాగితం వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లవాడు తెచ్చాడు. తల్లికి నలభై ఒక్క ఏళ్లు. డయాలసిస్ కార్డు కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. తేదీల పక్కన వరసగా సంతకాలున్నాయి, చివరి తేదీ పక్కన లేదు. వృత్తి గడిలో "కొబ్బరి పీచు తాళ్లు పేనడం, 22 ఏళ్లుగా" అని రాశాను. చోటు చాలక అక్షరాలు గీత దాటి బయటికి వచ్చాయి. కారణం గడి ఇంకా ఖాళీగానే ఉంచాను. గడువుకు ఆరు రోజులుంది.

భవదీయుడు,
ఉద్దానం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు