చందు చూస్తున్న సినిమాల గురించి అక్కకు

వియన్నా

అక్కా,

మేమందరం ఇక్కడ క్షేమం. అక్కడ నువ్వు, బావగారు, చందు కులాసాగా ఉన్నారని తలుస్తాను. చందు రాత్రిళ్లు తలుపు వేసుకుని హంతకుల సినిమాలు వరసపెట్టి చూస్తున్నాడని, ఆపమంటే “ఉత్త సినిమాయే కదమ్మా” అంటున్నాడని మొన్న బాధపడ్డావు. ఫోనులో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. సరిగ్గా ఆ వారమే నేనూ అలాంటిదొకటి చూసి నిద్ర పట్టక దొర్లాను.

ఇక్కడ ఒపేరా భవనం వెనక, ఆల్బర్టీనా అనే పాత రాజభవనంలో ఆస్ట్రియా ఫిల్మ్ మ్యూజియం ఉంది. 1964లో పెట్టారు. అందులో హాలంతా నలుపే. దీపాలు ఆరాక తెర తప్ప మరేదీ కంటికి ఆనకూడదని అలా చేశారు. మన దగ్గరలా విశ్రాంతి ఉండదు కాబట్టి మధ్యలో బయటికి వచ్చి టీ తాగి గుండె కుదుటపరచుకునే వీలు లేదు. అలాంటి చోట మిషాయెల్ హానెకె 1997లో తీసిన ‘ఫన్నీ గేమ్స్’ చూశాను. ఆయన వియన్నాలోనే తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదువుకున్నారు. తర్వాత 2009లో, 2012లో ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెలుచుకున్నారు.

కథ చెప్పాలంటే కొంచెమే. గేయోర్గ్, అన్నా, వాళ్ల చిన్న కొడుకు సెలవులకు సరస్సు ఒడ్డున ఉన్న తమ ఇంటికి వస్తారు. తెల్ల చేతొడుగులు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి, పక్కింటివాళ్లకు గుడ్లు కావాలి, ఇస్తారా అంటాడు. ఇస్తే జారవిడుస్తాడు. మళ్లీ అడుగుతాడు. ఫోను నీళ్లలో పడేస్తాడు. ఇంతలో రెండోవాడు వచ్చి చేరతాడు. మాటలో మర్యాద తగ్గదు, గొంతు పెరగదు, వెళ్లమంటే మాత్రం వెళ్లరు. నాకు అసలు భయం పుట్టింది అక్కడే, ఇంకా ఎవరి మీదా చెయ్యి పడకముందే. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనడానికి మనకు మొహమాటం అడ్డొస్తుంది చూడు, వాళ్లకు అదే ఆయుధం. ఆ తర్వాత, రేపు ఉదయం తొమ్మిదికల్లా మీరు ముగ్గురూ ప్రాణాలతో ఉండరని ఆ కుటుంబంతోనే పందెం కాస్తారు. పందెం కాసినవాడు తెర మీంచి సినిమా చూస్తున్న మన వైపు తిరిగి, మీరు ఎవరి పక్షమని అడుగుతాడు. ఎందుకిలా చేస్తున్నారని గేయోర్గ్ అడిగితే రకరకాల కారణాలు చెబుతారు, ఏదీ నిజం కాదు. కారణమంటూ ఒకటి దొరికితే మనకు కొంత ఊరట కదా, దర్శకుడు అదీ దక్కనివ్వలేదు.

ఒక చోట అన్నా తుపాకీ అందుకుని ఇద్దరిలో ఒకణ్ణి కాల్చేస్తుంది. హాలులో ఎవరో చప్పట్లు కొట్టారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. వెంటనే రెండోవాడు టీవీ రిమోట్ వెతికి పట్టుకుని, నొక్కి, సినిమానే వెనక్కి తిప్పేస్తాడు. పడిపోయినవాడు మళ్లీ ప్రాణాలతో ఉంటాడు. ఈసారి ఆ రిమోట్ నొక్కినవాడు ఆమె చేతిలోంచి తుపాకీ లాగేసుకుంటాడు. అక్కా, ఆ క్షణాన నాకు ఒళ్లు మండిపోయింది. తుపాకీ దెబ్బకు మనిషి కూలడం కళ్లెదుట చూపించింది ఆ ఒక్కచోటే. దాన్ని కూడా చెరిపేశాడు.

అంతకుముందు పిల్లవాణ్ణి చంపినప్పుడు మనకు కనబడేది ఆ గది కాదు, వంటగది. ఒకడు తాపీగా రొట్టె మీద ఏదో వేసుకుంటుంటాడు. అవతల నుంచి తుపాకీ మోత, కేకలు. ఆ తర్వాత కెమెరా ఎక్కడా తెగకుండా దాదాపు పది నిమిషాలు ఆ తల్లినీ తండ్రినీ చూస్తూ ఉంటుంది. కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్న ఆమె మొదట చేసే పని, మోగుతున్న టీవీని ఎలాగో ఆపడం. సంగీతం లేదు. ఆ ఇద్దరుగా వేసిన ఉల్రిఖ్ మ్యూహె, సుజానె లోథార్ అప్పట్లో నిజ జీవితంలోనూ భార్యాభర్తలు.

మన సినిమాల్లో చెల్లెలో తల్లో చనిపోవడం ఒక్క నిమిషం, కథానాయకుడు పగ తీర్చుకోవడం ఒక గంట. ఆ ఒక్క నిమిషం తర్వాత ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఎలా ఊపిరి పీల్చుకున్నారో నేను ఇన్నేళ్లలో ఏ తెర మీదా చూసిన గుర్తు లేదు. ఇక్కడ చూశాను.

అయినా హానెకెతో నాకు ఒక పేచీ ఉంది. హింసను వినోదంగా తినే ప్రేక్షకుణ్ణి నిలదీయడానికే ఈ సినిమా తీశానని ఆయన అంటారు. అందుకే 2007లో అమెరికా ప్రేక్షకుల కోసం ఇంగ్లీషులో ప్రతి దృశ్యమూ అదే వరసలో మళ్లీ తీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ అన్నా తుపాకీ అందుకున్నప్పుడు మేం కోరుకున్నది నెత్తురు మాత్రమే కాదు, ఆమె బతకాలని కూడా కోరుకున్నాం. దాన్నీ తప్పుగా లెక్క కట్టడం నాకు అన్యాయంగా తోచింది. కాన్‌లో తొలిసారి చూపినప్పుడు కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారట. వాళ్లు పిరికివాళ్లని నేననను.

చందు సంగతికి వస్తే, ఫోను లాక్కోకు. లాక్కుంటే స్నేహితుడి ఫోనులో చూస్తాడు. వాడి పక్కన కూర్చుని ఒకటి చూడు. చూస్తూ, చనిపోయిన మనిషి ఇంట్లోవాళ్లను ఈ సినిమాలో ఎంతసేపు చూపించారని వాణ్ణి అడుగు. నువ్వేమీ చెప్పనక్కర్లేదు, వాడే లెక్క చూసుకుంటాడు. ఏ సినిమా చూసినా ఆ ప్రశ్న వాడికి గుర్తొస్తే నాకు చాలు. ఈ ‘ఫన్నీ గేమ్స్’ పేరు మాత్రం ఇప్పుడే చెప్పకు. ఇంటర్ చదివే పిల్లవాడు ఒంటరిగా, చీకట్లో చూడవలసినది కాదు. పెద్దవాడయ్యాక ఇక్కడికి వస్తే నేనే పక్కన కూర్చుని చూపిస్తాను.

ఆదివారం సాయంత్రం వాణ్ణే నాకు ఫోను చేయమను. బావగారికి నమస్కారాలు చెప్పు. అమ్మ మోకాలి నొప్పికి కొత్త డాక్టరు ఏమన్నారో వివరంగా రాయి.

నీ చెల్లెలు,
రమ