పాత కెమెరా షట్టర్‌లో నూనె పోయొద్దండీ

ఎడిటర్ గారికి నమస్కారం. ఇక్కడ చెన్నైలో తాతల కాలం కెమెరాలు దాచుకున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు, షట్టర్ పట్టేసిందంటే చాలు కుట్టుమిషన్ నూనె చుక్క వేసేస్తున్నారు, దయచేసి అలా చేయకండి. కాంపూర్ కంపెనీ రకం లాంటి లీఫ్ షట్టర్లలో, అంటే లెన్సు మధ్యలో సన్నటి రేకులు తెరుచుకుని మూసుకునే వాటిలో, ఆ రేకులు పొడిగానే ఉండాలి, నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ముందు ఒక సెకను స్పీడ్ పెట్టి నొక్కి చూడండి, జర్రుమంటూ మొదలై మధ్యలో ఆగిపోయి, 1/125 సెకను లాంటి వేగమైన స్పీడ్ మాత్రం బాగానే పడుతుంటే రేకుల తప్పు కాదు, స్లో స్పీడ్లని నడిపే చిన్న పళ్ళచక్రాల్లో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. సెల్ఫ్ టైమర్ మీట మాత్రం అస్సలు ముట్టుకోవద్దు, అది మధ్యలో ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఆగిపోతుంది. రేకులు అతుక్కున్నా, గ్రీజు గట్టిపడినా క్లీనింగే మందు, ముందూ వెనకా లెన్సు అద్దాలు విప్పి, సిగరెట్ లైటర్లో పోసే లైటర్ ఫ్లూయిడ్‌తో, మంటకి దూరంగా. ఇలాంటి రిపేర్లు తెలిసిన పెద్ద మెకానిక్కుల చేత మీ ఆదివారం పేజీలో రాయించండి సార్.

— ఒక పాఠకుడు, టి.నగర్, చెన్నై