జీనాన్ లెక్క, స్పిన్ లెక్క

ఒరేయ్ శీనూ,

జీనాన్ పరమాణువుని ఎలక్ట్రాన్‌తో కొట్టి, ఆ ఎలక్ట్రాన్నీ ఊడొచ్చిన ఎలక్ట్రాన్నీ జతగా పట్టే ప్రయోగంలో స్పిన్ తేడా (వచ్చే ఎలక్ట్రాన్ స్పిన్ తిప్పితే జతల లెక్క మారడం) కనబడితే అదంతా బరువైన కేంద్రకం పక్కనుంచి పోయే ఎలక్ట్రాన్ మహిమేనని రాశావు. సగమే నిజంరా. అలాంటి బలం ఆ ఎలక్ట్రాన్ల మీద లేకపోయినా తేడా వస్తుంది. 1994లో భౌతిక శాస్త్రవేత్తలు జోన్స్, మాడిసన్, హన్నె లెక్కగట్టింది సరిగ్గా ఇదే.

5పీ (జీనాన్ బయటి పొర) ఎలక్ట్రాన్ ఊడిపోయాక మిగిలే అయాన్‌కి, సుడీ స్పిన్నూ కలిసిన మొత్తాన్ని బట్టి, రెండు శక్తి మట్టాలు: 3/2కి 12.13, 1/2కి 13.44 ఎలక్ట్రాన్ వోల్టులు. దెబ్బ తిన్న ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే కక్ష్య) సుడి ఒక వైపుకే మొగ్గుతుంది. మట్టం ఏదో తెలిస్తే ఆ సుడికి ఏ స్పిన్ జతో చాలావరకు తేలిపోతుంది. వచ్చే ఎలక్ట్రాన్ స్పిన్ దానితో కలిసినప్పుడు ఒకలా, ఎదురైనప్పుడు ఇంకోలా ఎక్స్ఛేంజ్ (రెండు ఎలక్ట్రాన్లు చోట్లు మార్చుకోవడం) పనిచేస్తుంది. మట్టాలు విడదీయకపోతే ఈ తేడా మాయం. అందుకే ఆదర్శంగా 1/2 మట్టపు అసిమ్మెట్రీ (అంటే ఈ స్పిన్ తేడా) 3/2 మట్టపు దానికి రెండింతలు, గుర్తు మాత్రం తిరగబడి ఉంటుంది. ఆ నిష్పత్తి చెడితేనే నువ్వన్న కేంద్రకం మహిమని అనుమానించు.

ఇక పని. 100 వోల్టుల పుంజం పంపితే బయటికొచ్చే రెండు ఎలక్ట్రాన్ల శక్తి కలిపి 87.87 లేదా 86.56 ఎలక్ట్రాన్ వోల్టులు. మొత్తం రిజల్యూషన్ అర వోల్టు దగ్గరుంటే రెండు శిఖరాలూ హాయిగా విడిపోతాయి. స్పిన్ ఒకే వైపున్న ఎలక్ట్రాన్ల కోసం గాలియం ఆర్సెనైడ్‌కి సీజియం, ఆక్సిజన్ పూసి, వృత్త ధ్రువణ లేజర్ కొట్టు. అప్పుడు స్పిన్ పుంజం దారి వెంటే ఉంటుంది; 90 డిగ్రీల విద్యుత్ డిఫ్లెక్టర్‌తో అడ్డంగా చేసి, చెదిరే తలానికి లంబంగా పెట్టు. శూన్యం పాడైతే సీజియం పూత ముందు చస్తుంది.

కక్కుర్తిపడి కరెంటు పెంచకు. నిజమైన జతలు కరెంటుతో పాటే పెరుగుతాయి, దొంగ జతలు (సంబంధం లేని రెండు ఎలక్ట్రాన్లు ఒకేసారి తగలడం) దాని వర్గంతో. ధ్రువణం (స్పిన్‌లు ఎంతమేర ఒకే వైపున్నాయో) పెంచుకోవడమే లాభం: దోషం సుమారు 1/(పి√ఎన్), పి ధ్రువణం, ఎన్ జతల సంఖ్య. వెయ్యి జతలకి పి 0.3 అయితే 0.105, 0.75 అయితే 0.042. స్పిన్‌ని పాకెల్స్ సెల్‌తో (లేజర్ ధ్రువణాన్ని విద్యుత్తుతో మార్చే స్ఫటికం) తరచూ తిప్పుతూ ఉండు, లేకపోతే గ్యాస్ ఒత్తిడి మెల్లగా జారినా అది స్పిన్ తేడాలా కనబడుతుంది. తిప్పినప్పుడల్లా పుంజం రవ్వంత పక్కకి జరిగినా అంతే.

ఇలాంటి దొంగ తేడాని పట్టుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. రెండు డిటెక్టర్లూ పుంజానికి ఇరువైపులా ఒకే కోణంలో, ఒకే శక్తికి పెట్టు: సౌష్ఠవం వల్ల జీనాన్‌లోనే సున్నా రావాలి. దానికంటే ముందు హీలియం. అందులో సుడీ లేదు, బరువూ లేదు. అక్కడ సున్నా రాకపోతే జీనాన్ సీసా వాల్వు ముట్టుకోకు.

నీ
మూర్తి