పైన ఉపగ్రహం ఉంది, కట్ట మీద మనిషి లేడు

సంపాదకులకు నమస్కారం.

హిమాలయాల్లోని సరస్సుల నీటి నాణ్యతను ఉపగ్రహ చిత్రాలతో కనిపెడుతున్నారని పదిహేను రోజుల కిందట మీ ఆదివారం సంచికలో కథనం వేశారు. చదివి సంతోషించాను. వెంటనే కోపమూ వచ్చింది. చల్లారుతుందేమోనని ఇన్నాళ్లు ఆగాను, చల్లారలేదు.

కొండల్లోని సరస్సులకు దారి సరిగా ఉండదు. ఎత్తున ఉన్నవి చలికాలంలో గడ్డకడతాయి. అంత కష్టమైన చోట పని జరుగుతోంది. నైనిటాల్ సరస్సు విస్తీర్ణం సుమారు అర చదరపు కిలోమీటరు. ఐరోపా వారి జంట ఉపగ్రహాలు సెంటినెల్-2 తీసే చిత్రంలో ఒక్కో గడి నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కనుక ఆ సరస్సంతా దాదాపు 5 వేల గడుల్లో ఇమిడిపోతుంది. నాచును పట్టి ఇచ్చే 705 నానోమీటర్ల కాంతిలో గడి 20 మీటర్లు, అంటే ఆ లెక్క కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. ఒడ్డు గడుల్లో చెట్లు కలిసిపోతాయి, కొండ నీడ నీళ్ల మీద పడుతుంది. ఆ తిప్పలన్నీ పడి చూస్తున్నారు.

మరి మన పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల సంగతి ఏమిటి? అవీ గుట్టల నడుమ ఉన్నవే. కావాలంటే ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి నీళ్లు తెచ్చుకోవచ్చు. ఆ ఉపగ్రహాల జంట అయిదు రోజులకోసారి, ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగానూ వెళుతోంది. చిత్రాలకు పైసా కట్టనక్కరలేదు. లాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రాలు కూడా 2008 నుంచి ఉచితమే. ఉపగ్రహ చిత్రాల పని చూసే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉన్నది మన హైదరాబాద్ బాలానగర్‌లోనే. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వస్తే ఊరూరా పండుగ చేసుకున్నాం. ఆ పక్కనే ఉన్న చెరువు నీళ్లు ఈ వారం ఎలా ఉన్నాయని అడిగితే ఎవరు చెబుతారు?

లోపం ఆకాశంలో లేదు. అక్కడి నుంచి తెలిసేది నీటి రంగు. నాచు ఎర్ర కాంతిని మింగేసి, ఆ పక్కనున్న 705 దగ్గరి కాంతిని తిప్పి పంపుతుంది. బురద నీళ్లయితే ఎర్ర కాంతినే ఎక్కువగా వెనక్కి పంపుతాయి. ఆ రంగును చూసి లీటరు నీళ్లలో నాచు తాలూకు పత్రహరితం ఎంత ఉందో నమ్మకంగా లెక్క కట్టాలంటే, ఉపగ్రహం వెళ్లిన రోజునే ఎవరో ఒకరు చెరువులో నీళ్లు తీసి పరీక్షించాలి. మురుగులోని క్రిములు, కరిగిన నైట్రేట్లు చిత్రంలో నేరుగా కనిపించనే కనిపించవు. మబ్బు కమ్మితే చిత్రమే పనికిరాదు. పొలాల ఎరువులు, ఊరి మురుగు చెరువులోకి కొట్టుకొచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

రెండేళ్ల కిందటి వేసవిలో మా ఊరి చెరువు తూము దగ్గర నీళ్లు పచ్చ రంగు కలిపినట్టు అయ్యాయి. నీళ్లలోంచి లేచిన గేదెల కాళ్లకు మోకాళ్ల దాకా పచ్చటి జిగట. మా మనుమడు కంప్యూటర్‌లో చూపించాడు: ఏప్రిల్ మొదటి వారం చిత్రంలో చెరువు నల్లగా ఉంది, మూడో వారానికి తూము వైపు తోకలాగా పచ్చటి చార. ఆ రెండూ కాగితం మీద తీయించుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. నీటి నాణ్యత తమ పని కాదన్నారు. రెండో చోట, చేపలు చచ్చాయా అని అడిగారు. చావలేదంటే ఇంకో చోటికి పంపారు. చివరికి నీళ్లు తీసుకెళ్లింది 23 రోజుల తరువాత. ఈలోగా రెండు గాలివానలు పడ్డాయి, పచ్చదనం చెదిరిపోయింది. 'సాధారణం' అని జవాబు వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలని సంకల్పించారు. మంచి పని, కాదనను. కానీ ఎంత మట్టి తీశారో రాసిన బోర్డులు చూశాను, నీళ్లు ఎలా ఉన్నాయో రాసిన బోర్డు ఒక్కటీ నా కంట పడలేదు. ఒకప్పుడు ప్రతి చెరువుకూ నీరటి ఉండేవాడు. తూము ఎత్తడానికి వెళ్లినప్పుడల్లా నీళ్లు చూసేవాడు, తేడా ఉంటే సాయంత్రానికి ఊరందరికీ తెలిసేది. ఆ మనిషిని పోగొట్టుకున్నాం, ఆ చోటులో ఎవరినీ పెట్టలేదు.

వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, రసాయనశాస్త్రం చదివే పిల్లలు వందల మంది ఉన్నారు. నలుపు తెలుపు రంగులు వేసిన రేకు పళ్లాన్ని తాడు కట్టి నీళ్లలోకి దించి, ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలిచి నీటి తేటదనం తెలుసుకోవడం పదో తరగతి పిల్లలకైనా నేర్పవచ్చు. ఉపగ్రహం వచ్చే తేదీలు ముందే తెలుస్తాయి. ఆ ఉదయం పది గంటలకల్లా సీసా పట్టుకుని మా చెరువు కట్ట మీద నేను నిలబడతాను. ఆ సీసాను అదే రోజు తీసుకుని పరీక్ష చేసే చోటు ఎక్కడుందో అధికారులు మీ పత్రిక ద్వారానే చెప్పాలని కోరుతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ